యూయూఎన్‌కోడ్
బైనరీ ఫైళ్లను ఆస్కీ అక్షరాలుగా మార్చే పద్ధతిని, ఆ పని చేసే ప్రోగ్రామును యూయూఎన్‌కోడ్ అంటారు. తిరిగి అసలు రూపానికి తెచ్చేది యూయూడీకోడ్. వీటిని 1980లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మేరీ ఆన్ హార్టన్ రూపొందించారు. అప్పటి ఈమెయిల్ మార్గాల్లో చాలావరకు 7 బిట్ల పాఠ్యమే భద్రంగా చేరేది. 8 బిట్ల ఫైలు దారిలో చెడిపోయేది.

ఇందులో 3 బైట్లలోని 24 బిట్లను ఆరేసి చొప్పున 4 భాగాలు చేసి, ఒక్కోదానికి 32 కలుపుతారు. 67, 97, 116 అనే బైట్లు 16, 54, 5, 52గా విడిపోయి 48, 86, 37, 84 సంకేతాల అక్షరాలవుతాయి. సున్నా విలువకు ఖాళీ జాగా వస్తుంది. వరుస చివరి ఖాళీలను కొన్ని మెయిల్ వ్యవస్థలు కత్తిరించేవి కనుక దాని బదులు 96వ సంకేతం వాడుకలోకి వచ్చింది. నిండు వరుసలో 45 బైట్లు పడతాయి. ఫైలు పరిమాణం సుమారు 38 శాతం పెరుగుతుంది.

యూనిక్స్‌కు బయట చిక్కు డీకోడర్ సంపాదించడంలోనే ఉండేది: అదీ బైనరీ ఫైలే. అందుకే డాస్ వాడేవారికి దాన్ని బేసిక్ సోర్సుగా, మామూలు పాఠ్యంగా పంచేవారు. మెకింటాష్‌లో ఇలాంటిదే అయిన బిన్‌హెక్స్ పద్ధతి వాడుక ఎక్కువగా ఉండేది. 1992లో మైమ్ ప్రమాణంతో వచ్చిన బేస్64 వీటి స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. లినక్స్‌లో యూయూడీకోడ్ ఇప్పటికీ షార్‌యుటిల్స్ ప్యాకేజీలో లభిస్తుంది.