విశ్వాస ప్రమాణంలో ఒక చేర్పు

నైసియా-కాన్‌స్టాంటినోపుల్ విశ్వాస ప్రమాణంలో, అంటే పూజలో పఠించే విశ్వాస సంగ్రహంలో, పవిత్రాత్మ తండ్రి నుండి బయలుదేరునని ఉన్నచోట పాశ్చాత్య సంఘం ‘కుమారుని నుండియు’ అని చేర్చగా, వేరొక విశ్వాసాన్ని కూర్చరాదన్న 431 నాటి ఎఫెసు మహాసభ నిషేధాన్ని గ్రీకులు ఎత్తిచూపారు. విచిత్రమేమంటే, ఆ సిద్ధాంతాన్ని అంగీకరించిన మూడవ లియో పోపే, 810 ప్రాంతంలో ఆ మాటను ప్రమాణంలో చేర్చడానికి సమ్మతించమన్న ఫ్రాంకుల పాలకుడు షార్లమేన్ దూతల కోరికను తోసిపుచ్చి, చేర్పులేని పాఠాన్ని గ్రీకు, లాటిను భాషల్లో వెండి పలకలపై చెక్కించి రోములో నిలిపాడు. ఈ నిరాకరణను పోపు అధికారానికి ప్రతికూలంగా చూపడం తొందరపాటు. ఫ్రాంకులు తీర్పు కోరి వెళ్లింది రోముకే. తర్వాతి కాలంలో, ఎఫెసు నిషేధించింది విరుద్ధ బోధనే గాని వివరణను కాదని గ్రీకు, లాటిను సంఘాల ఐక్యత కోసం జరిగిన ఫెరారా మహాసభలో లాటిను పక్షాన రోడ్స్ ఆర్చిబిషప్పు ఆండ్రూ వాదించగా, అదే మహాసభ కొనసాగిన ఫ్లోరెన్సులో 1439 జూలై 6న వెలువడిన శాసనం ఆ చేర్పునూ, సార్వత్రిక సంఘంపై పోపు ప్రథమాధికారాన్నీ ధ్రువీకరించింది. గ్రీకు పక్షానికి చెందిన ఎఫెసు ఆర్చిబిషప్పు మార్కు మాత్రం దానిపై సంతకం చేయలేదు.