ఓటమి తర్వాత ఎవరితో మాట్లాడాలి? షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అనుభవం

ఓట్ల లెక్కింపు అయిపోయిన రాత్రి మా వాడల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "మనోళ్లే మనకు ఎయ్యలే. సారాకు, నోటుకు అమ్ముడుపోయిన్రు." ఊళ్లో దొర ఓడిపోతే ఆయన కులపోళ్లను ఎవరూ ఇట్లా తిట్టరు. దళితుల పార్టీ ఓడినప్పుడు మాత్రం తప్పంతా దళిత ఓటరు నెత్తిన పడుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో 2007లో 403 స్థానాలకు 206 గెలిచి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన బహుజన సమాజ్ పార్టీ 2012లో 80కి, 2017లో 19కి, 2022లో ఒకే ఒక్క స్థానానికి దిగింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్కటీ దక్కలేదు. దీని మీద చర్చ రెండు దారుల్లోనే నడుస్తోంది. కులం మాట తగ్గించి అందరి పార్టీ కావాలని కొందరు, ఓటరే మోసపోయాడని మరికొందరు అంటున్నారు. ఈ రెండూ చాలవని మేము అనుకుంటున్నాం. అంబేద్కర్ పార్టీలు కూడా ఓడిపోయాయి. ఆ ఓటముల్ని ఆయన ఎట్లా చదివారో, ఏం మార్చారో, ఏం మార్చలేకపోయారో ఒకసారి చూద్దాం.

1936లో ఆయన పెట్టిన మొదటి పార్టీ పేరులో కులం లేదు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అన్నారు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో 17 మందిని నిలబెట్టి 14 మందిని గెలిపించుకున్నారు. కొంకణ్ రైతుల్ని పిండుకు తింటున్న ఖోతీ పద్ధతిని రద్దు చెయ్యాలని బిల్లు తెచ్చారు. 1938లో కార్మికుల సమ్మె హక్కుకు సంకెళ్లు వేసే బిల్లు వస్తే కమ్యూనిస్టులతో కలిసి సమ్మె నడిపించారు.

మరి 1942 జూలైలో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎందుకు పుట్టింది? అధికార మార్పిడి గురించి బ్రిటిష్ వాళ్లు ప్రధానంగా కాంగ్రెస్‌తో, ముస్లిం లీగ్‌తో మాట్లాడుతున్నారు. కూలీల పేరుతో అడిగితే ఆ బల్ల దగ్గర చోటు లేదు. అంటరానివాళ్ల పేరుతోనే అడగవలసి వచ్చింది. అడిగే మనుషులు వాళ్లే, పిలుపు మారింది.

1946 రాష్ట్ర శాసనసభల ఎన్నికల్లో ఆ పిలుపు ఘోరంగా ఓడిపోయింది. 151 రిజర్వుడు స్థానాల్లో ఫెడరేషన్‌కు దక్కినవి రెండు. అంబేద్కర్ వేలెత్తి చూపింది ఓటర్లను కాదు, ఎన్నిక పద్ధతిని. 1932 పూనా ఒప్పందం ప్రకారం మొదటి దశలో దళితులు మాత్రమే ఓటేసి నలుగుర్ని ఎంచుతారు. చివరి దశలో అందరూ ఓటేస్తారు. ప్రతి నియోజకవర్గంలో దళితులు తక్కువే గదా! కాబట్టి వాడ కోరినవాడు కాక, ఊరికి నచ్చినవాడు గెలుస్తాడు. ఈ విమర్శకు నేటికీ జవాబు లేదు. అయితే ఇంకో నిజం కూడా ఉంది. బొంబాయి, మధ్య పరగణాల్లాంటి కొన్ని చోట్ల తప్ప ఫెడరేషన్‌కు ఊరూరా నిర్మాణం లేదు. ఉత్తరాలు, తీర్మానాలు చేరిన చోటికల్లా కార్యకర్త చేరలేదు.

1951లో ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక ఈ అనుభవం నుంచే వచ్చింది. వెనుకబడిన కులాలూ ఆదివాసులూ కలిసివస్తే తన పేరును వెనుకబడిన తరగతుల ఫెడరేషన్‌గా మార్చుకోవడానికైనా సిద్ధమని అందులో రాసుకుంది. ఓడిన పార్టీ తన పేరునే బేరానికి పెట్టడం చిన్న విషయం కాదు. పొత్తు మాత్రం సోషలిస్టులతో కుదిరింది. కమ్యూనిస్టులతో, హిందూ మహాసభతో పొత్తు వద్దనుకుంది.

ఫలితం? బొంబాయి నగర ఉత్తర నియోజకవర్గంలో రాజ్యాంగం రాసిన మనిషి కాంగ్రెస్ అభ్యర్థి కాజ్రోల్కర్ చేతిలో 14 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయారు. కాజ్రోల్కర్ చాంభార్ కులస్థుడు. ఫెడరేషన్ మహర్ల పార్టీ అన్న ముద్ర కాంగ్రెస్‌కు ఎంత పనికొచ్చిందో ఆ ఎంపికలోనే తెలుస్తుంది.

1952లో దేశం మొత్తం మీద ఫెడరేషన్ గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే. షోలాపూర్‌లో పి.ఎన్. రాజ్‌భోజ్, మన కరీంనగర్‌లో ఎం.ఆర్. కృష్ణ. రెండూ ఇద్దరు సభ్యులుండే నియోజకవర్గాలు. షోలాపూర్‌లో రెండో స్థానం రైతు కూలీ పార్టీకి పోయింది. కరీంనగర్‌లో కమ్యూనిస్టుల నాయకత్వంలోని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. అంటే ఫెడరేషన్ గెలిచిన రెండు చోట్లా పక్కన గెలిచింది భూమి గురించి మాట్లాడిన పార్టీయే. ప్రణాళికలో కాగితం మీద వద్దనుకున్న కలయిక, దొరల గడీల మీద తిరగబడిన నేలలో బ్యాలెట్ పెట్టెలో జరిగిపోయింది. కమ్యూనిస్టుల మీద అంబేద్కర్‌కున్న అనుమానానికి కారణాలు లేకపోలేదు. కులం ప్రశ్నను వాళ్లు దాటవేశారు, బొంబాయిలో ఆయనకు వ్యతిరేకంగా పనిచేశారు. ఆ తప్పు వాళ్లది. కాని కరీంనగర్ ఓటరు ఇచ్చిన సూచనను చదువుకోకపోవడం ఇరువైపులా జరిగిన నష్టం.

ఆ గెలుపు నిలవలేదు కూడా. 1957లో అదే కృష్ణ అదే కరీంనగర్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. గెలిచిన మనిషిని పట్టి ఉంచే సంఘం కింద లేకపోతే స్థానం ఎవరిదైనా అవుతుంది.

1957 అక్టోబర్ 3న నాగపూర్‌లో ఏర్పడిన రిపబ్లికన్ పార్టీ అంబేద్కర్ బతికుండగా తలపెట్టిందే. పేరులో మళ్లీ కులం లేదు. దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో 1959లోనూ, 1964–65లోనూ భూమి సత్యాగ్రహాలు చేసినంతకాలం అది భూమిలేని వాళ్లందరి పార్టీగా కనపడింది. 1967 నాటికి కాంగ్రెస్‌తో సర్దుబాట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత చీలికలే మిగిలాయి.

మనకు దగ్గరి అనుభవం 1994ది. కారంచేడు, చుండూరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కాన్షీరాం సభలకు జనం విరగబడి వచ్చారు. శాసనసభకు ఒక్కరూ చేరలేదు. అదే ఏడు ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. "దళితుడు" అన్న పిలుపులో తన పేరు వినపడడం లేదని మాదిగ అన్నప్పుడు, అది ఐక్యతను చీల్చడమని కొట్టిపారేసిన వాళ్లలో మా చదువుకున్న మిత్రులూ ఉన్నారు. చాంభార్ విషయంలో ఫెడరేషన్ నేర్చుకోనిది నలభై ఏళ్ల తర్వాత మనమూ నేర్చుకోలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకుంటే బహుజన సమాజ్ పార్టీ వ్యతిరేకించింది. జాతవ్ కాని దళితుడికి అది ఏమని వినపడి ఉంటుందో ఆ పార్టీ ఆలోచించాలి.

ఓడిన పార్టీ తన పిలుపును మార్చుకోవలసిందే. అయితే ఏ దిక్కుకు? 2007లో బ్రాహ్మణుల్ని కలుపుకొని పైకి విస్తరించారు. ఆ విస్తరణ నిలవలేదు. పక్కకు విస్తరించడం కష్టం. పక్క గూడెంలోని కూలీతో, ముస్లింతో, చేతివృత్తుల వాళ్లతో, ముందుగా మనలోనే వెనకబడిన కులంతో కూర్చోవాలి. ఎన్నికలు లేని రోజుల్లో భూమి గురించి, కూలి గురించి, చదువు గురించి వాళ్లతో కలిసి కొట్లాడాలి. పొత్తు అక్కడ పుడితేనే సీట్ల పంపకంలో నిలుస్తుంది.

"మనోళ్లే ఎయ్యలే" అన్న మాట ఇంకోసారి వినపడితే, మేము అడగదలచుకున్నది ఒక్కటే. పోయినసారి ఓట్లు అయిపోయినంక వాళ్ల గడపకు మనం ఎన్నిసార్లు పోయినం?