నీళ్లు పోస్తే భగ్గుమనే చక్రం

లేత్ మీద కోసే లోహాల్లో అన్నిటికన్నా తేలిగ్గా తెగేది మెగ్నీషియం. మెషినింగ్ పుస్తకాల్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. మెగ్నీషియం కోయడానికి పట్టే శక్తిని 1 అనుకుంటే అల్యూమినియానికి 1.8, ఇత్తడికి 2.3, బీడుకు 3.5, మామూలు ఉక్కుకు 6.3. ఆ పట్టిక చూసినప్పుడు నాకు భలే సంబరమేసింది. బరువు చూస్తే అల్యూమినియంలో మూడింట రెండు వంతులే. ఇంత తేలికైన, ఇంత సులువుగా లొంగే లోహం మన లేత్ షెడ్లలో కనిపించదేం అని వెతకడం మొదలుపెట్టాను.

కారణం దాని ఆకలి. ఆక్సిజన్ ఎక్కడుంటే అక్కణ్ణుంచి లాక్కుంటుంది. మండితే వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు పోస్తే నీటిలోని ఆక్సిజన్ తీసుకుని హైడ్రోజన్‌ను బయటికి వదులుతుంది, ఆ హైడ్రోజన్ భగ్గుమంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొడితే ఆ వాయువులోనూ మండి మసి మిగులుస్తుంది. నైట్రోజన్‌లో కూడా ఆరదు.

1808లో హంఫ్రీ డేవీ దీన్ని మొదట విడదీశాడు. ఆ తర్వాత చాలాకాలం దీని వెలుగుకే గిరాకీ. 1865లో పియాజీ స్మిత్ ఈజిప్టు మహా పిరమిడ్ లోపలి చీకట్లో మెగ్నీషియం వెలిగించి ఫొటోలు తీశాడు. బడి ప్రయోగశాలలో పట్టకారుతో పట్టుకుని కాల్చే తెల్లటి రిబ్బన్‌ది ఆ కాలపు వారసత్వమే.

నాకు బాగా ఇష్టమైన కాలం 1909తో మొదలవుతుంది. ఆ ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ విమాన ప్రదర్శనలో గ్రీషైమ్-ఎలెక్ట్రాన్ అనే జర్మన్ కంపెనీ కొత్త మిశ్రలోహాన్ని పెట్టింది. దాదాపు తొంభై పాళ్లు మెగ్నీషియం, మిగతాది అల్యూమినియం, జింకు వగైరా. పేరు ఎలెక్ట్రాన్. గాల్లోకి లేవాలని తహతహలాడుతున్న మనిషికి ఉక్కులో నాలుగో వంతు కన్నా తక్కువ బరువుండే లోహం దొరకడమంటే మాటలా! ఇంజిన్ తొడుగులు, విమాన చక్రాలు, గేర్‌బాక్సులు అందులోంచే పోతపోశారు. దాన్ని చక్రంగా మలిచిన చేతులే తొమ్మిదేళ్లు తిరక్కుండా బాంబు కూడా చేశాయి. 1918లో కిలో బరువున్న ఎలెక్ట్రాన్ బాంబు తయారైంది. లోపల థర్మైట్, పైతొడుగు మెగ్నీషియం. అందులో పేలుడు మందు నింపే పనే లేదు, తొడుగే మంటకు మేత. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని లండన్ మీద వేయకుండానే ఆపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో మాత్రం వేలకు వేలుగా కురిపించారు. ఆ ఏడాది డిసెంబర్ 29 రాత్రి లండన్ పాతనగరం తగలబడింది. ఇంటింటా ఇసుక బకెట్లు, చేతిపంపులు పెట్టుకుని మామూలు జనం ఈ లోహాన్ని ఎదిరించడం నేర్చుకున్నారు. యంత్రశాల నేర్వాల్సిన పాఠాన్ని ఒక నగరం అంత ఖరీదు పెట్టి నేర్చుకోవడం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లెమాన్ రేసులో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు జనంలోకి దూసుకెళ్లింది. దాని ఒళ్లంతా ఎలెక్ట్రాన్ రేకే. ఆర్పడానికి నీళ్లు పోసేసరికి మంట ఇంకా పెరిగి గంటల తరబడి కాలింది. ఆ ప్రమాదంలో 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. అయినా రేసింగ్ ఈ లోహాన్ని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో హాలిబ్రాండ్ కంపెనీ పోతపోసిన మెగ్నీషియం చక్రాలు ఇండియానాపొలిస్ రేసుల్లో రాజ్యమేలాయి. ఫార్ములా వన్ నిబంధనలు చక్రాలకు ఏజెడ్70, ఏజెడ్80 అనే మెగ్నీషియం మిశ్రలోహాలనే ఏళ్ల తరబడి పట్టుబట్టి వాడించాయి.

మరి అలాంటి చక్రాన్ని లేత్‌కి ఎక్కించేదెలా? ముద్దగా ఉన్న చక్రం ఊరికే అంటుకోదు. తగిలిన వేడిని లోహమంతా పంచేసుకుంటుంది. భయమంతా సన్నటి చిప్స్‌తోనూ రజనుతోనూ. అందుకే టూల్ బిట్ మంచి పదును మీదుండాలి, కిందివైపు కోణం విశాలంగా ఉండాలి. ఫీడ్ గట్టిగా ఇచ్చి మందంగా కోయాలి. ఫీడ్ ఆగిన క్షణమే బిట్‌ను వెనక్కి లాగాలి, లేకపోతే కోయడం మాని రాస్తుంది, రాపిడికి వేడి పుడుతుంది. ఆఖరి సన్నపు కోతే అన్నిటికన్నా ప్రమాదం. చక్రంలో ఉక్కు బుష్షులో బోల్టులో ఉంటే ముందే తీసేయాలి, బిట్ తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. ఉక్కు రుద్దే గ్రైండింగ్ రాయి దగ్గరికి ఈ చక్రాన్ని తీసుకెళ్లకూడదు. చల్లార్చడానికి పల్చటి మినరల్ ఆయిల్ వాడవచ్చు. నీళ్లలో కలిపే కూలెంట్ మాత్రం హైడ్రోజన్ బయటికిపోయే ఏర్పాటున్న చోటే పనికొస్తుంది. పెట్టిన చక్రం మెగ్నీషియమో అల్యూమినియమో తెలియకపోతే గీకిన చోట వెనిగర్ చుక్క వేస్తే చాలు. మెగ్నీషియమైతే నురగ వస్తుంది.

ఒకవేళ అంటుకుంటే? పెట్రోల్ బంకుల్లో వేలాడే ఎర్ర బకెట్ల ఇసుక మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. వానకు తడిసిందంటే లోపలి తేమే హైడ్రోజన్‌కు ఊపిరి. ఎండు ఇసుకైనా బాగా కాగిన మెగ్నీషియం అందులోని ఆక్సిజన్‌ను సైతం లాక్కోగలదు. గ్రాఫైట్ పొడి, ఎండు బీడు చిప్స్, లేదా లోహపు మంటలకు వాడే ‘డి’ తరగతి పొడి మెల్లగా కప్పి కదపకుండా వదిలేయడమే మేలు. గట్టిగా చల్లితే మండుతున్న రజను చెదిరిపోతుంది.

ఈ నేర్పు ఒకప్పుడు వీధి మెకానిక్‌లకూ ఉండేది. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిన్ క్రాంక్‌కేస్ మెగ్నీషియందే. ఆ కార్లు తిరిగిన ఊళ్లన్నిటా దాన్ని రిపేరు చేసే చేతులుండేవి. బీటిల్ పోయాక ఆ చేతులూ పోయాయి. నాకిది నిజంగా నష్టమే అనిపిస్తుంది. పెద్ద కర్మాగారాల గోడల మధ్యే ఉండిపోయే విద్య కొన ఊపిరితో ఉన్నట్టే.

మన దగ్గరా ఆ విద్య గోడల వెనకే ఉంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కోనియం టెట్రాక్లోరైడ్‌లోంచి క్లోరిన్‌ను లాగేయడానికి మెగ్నీషియం ఆకలినే పనిముట్టు చేసుకుంది. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్లలో టాటా, బోయింగ్‌ల ఉమ్మడి సంస్థ అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు తయారుచేస్తోంది, మొదటిది 2018లో వెళ్లింది. టాటా, సికోర్‌స్కీ కలిసి చేసిన ఎస్-92 హెలికాప్టర్ కేబిన్లు కూడా ఈ వైపు నుంచి వెళ్లినవే. ఆ కేబిన్ నెత్తిన కూర్చునే ప్రధాన గేర్‌బాక్స్ తొడుగు డబ్ల్యూఈ43 అనే మెగ్నీషియం మిశ్రలోహం. ఇట్రియం, అరుదైన మృత్తిక లోహాలు కలవడం వల్ల అది త్వరగా అంటుకోదు.

ఆ కేబిన్లు తయారైన చోటికి పక్కనే ఉన్న చిన్న లేత్ షెడ్లకు, ఐటీఐ పిల్లలకు ఈ లోహం కోత నేర్పితే బాగుండునని నా కోరిక. మొదట నేర్పాల్సింది కోత కూడా కాదు, పని ముగిశాక శుభ్రం చేయడం. పొడి చిప్స్ ప్రతి షిఫ్టు చివరా మూతున్న ఉక్కు డబ్బాల్లోకి చేరాలి. తడిసిన రజను డబ్బాకు మాత్రం మూతలో గాలి పోయే రంధ్రం ఉండాలి, ఆ డబ్బా ఉన్న గది కిటికీ రాత్రంతా తెరిచే ఉంచాలి.