పర్రలో మిగిలిన బందరు కోట

మా మొయినాబాద్‌కు ఒక పక్క మూసీ మీద గండిపేట, ఇంకో పక్క ఈసీ మీద హిమాయత్‌సాగర్. చేవెళ్ల పొలాల మీద కురిసిన వాన ఈసీలో పారి, గేట్లు ఎత్తిన ఏడు మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణను చేరి, చివరికి దివిసీమలో సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి దారి పట్టుకున్నట్టే ఈసారి బందరు వెళ్లాను. గోల్కొండ సుల్తానుల కాలంలో మనకు సముద్రమంటే బందరే.

కోట ఊళ్లో లేదు. సముద్రం వైపు, చిత్తడి పర్ర భూముల మధ్య ఉంది. ఆయుధాగారం, కాపలా గది, గంట స్తంభం మాత్రం నిలిచి ఉన్నాయి. సున్నం రాలిన ఇటుకలను చేత్తో తడిమితే ఉప్పు తగిలింది.

ఆ చిత్తడే కోటకు కాపలా అనుకున్నారు. 1750 నుంచి కోట ఫ్రెంచివారి చేతిలో ఉంది. 1759లో ఇంగ్లీషువారి కల్నల్ ఫోర్డ్ ముట్టడించాడు. నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివారి సాయానికి సైన్యంతో వస్తున్నాడని తెలిసి ఇక ఆగలేదు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ మనుషులు బురదలో దిగబడుతూ నడిచారు. ఒక దండు ఓ వైపు తుపాకులు పేల్చి కలవరం పుట్టిస్తే, అసలు దండు మరోవైపు బురుజులెక్కింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువారిది. సాయానికి బయల్దేరిన సలాబత్ జంగే మే నెలలో వాళ్లకు బందరు రాసిచ్చాడు. కోస్తా మన నిజాం చేజారడం ఆ బురదలోనే మొదలైందని నాకనిపిస్తుంది.

మనుషులు నడిచిన చిత్తడి మీదుగానే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30 వేలమంది పోయారు. మరుసటి ఏడు ఇంగ్లీషు సైన్యం కోట ఖాళీ చేసింది. ఆ తర్వాత అక్కడ మళ్లీ దండు కాపురం లేదు.

మా వైపూ నీళ్లు ముంచాయి. 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చి చూశారు. 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. నదికి కట్ట వేయొచ్చు. కోట పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తే, ఆ 30 వేలమందికి ఏ కట్ట అడ్డుపడేదో తోచలేదు.

తిరిగొస్తూ బందరు పేటల పేర్లు చదువుకున్నాను: ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట, వలందపాలెం. ఫరాసులంటే ఫ్రెంచివారు, వలందులంటే 1605లోనే ఇక్కడ వర్తకానికి దిగిన డచ్చివారు. వలందపాలెం అరుగుల మీద పిల్లలు ఆడుకుంటున్నారు.