కోతలనాటి కోడలు

పెనుమూడి కృష్ణానదికి పడమటి గట్టున రేపల్లెకు చేరువనున్న రేవు గ్రామము. ఎదుటి గట్టున పులిగడ్డ, దానికావల దివిసీమ. ఈ శతాబ్దపు తొలి దశకమున నదిమీద వంతెన వెలసినదాక ఈ గట్టు పిల్లను ఆ గట్టునకు, ఆ గట్టు పిల్లను ఈ గట్టునకు కోడలిగా దాటించినది పడవయే. సముద్రము దగ్గర గనుక పోటువేళ ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నును. తియ్యనీరు కావలెనన్న కాలువను, కాలువ నీటితో నింపుకొను చెరువును నమ్ముకొనవలసినదే. 1852లో మొదలిడి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్టనుండి బయలుదేరిన పడమటి కాలువ, దుగ్గిరాల కడ పాయలుగా చీలి, ఎగువ పొలములన్నిటిని తడిపిన పిదప మిగిలినదేదో రేపల్లె శివారు భూములకు ముట్టజెప్పెడిది. అందుచేత ఎగువను నాట్లు ముగియుచుండగా ఇచట మొదలగును. అచట కుప్పలు పడుచుండగా ఇచట కొడవళ్ళు నూరుదురు. సార్వా పంట కోతలు సరిగా డిసెంబరు నెలలో వచ్చి పడును. ఈ ప్రాంతపు క్రైస్తవ గృహిణి జీవితమునకు మూలసూత్రమిదియే: కోతయు క్రిస్మసును ఒక్కమారే ఆమె వాకిట నిలుచును.

గుంటూరు మండలమునకు లూథరను మతమును తెచ్చిన హయ్యరు పాదిరి 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. ఆయన నెలకొల్పిన మిషను కాలక్రమమున తెనాలి, రేపల్లె ప్రాంతములకు వ్యాపించెను; దాని సంతతియైన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము 1927లో ఏర్పడెను. బాపట్లలో అమెరికను బాప్టిస్టులు కేంద్రమును నెలకొల్పుకొనిరి. 1876 మొదలు 1878 వరకు దేశమును పీడించిన ధాత కరవు ముగియుచుండగా, ఒంగోలు పరిసరమున ఆ బాప్టిస్టు మిషనువాడే యైన క్లౌ దొరయు ఆయన అనుచరులును 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన వృత్తాంతము ప్రసిద్ధము. కృష్ణా డెల్టాలో క్రైస్తవ మతమునందు చేరినవారిలో అధికసంఖ్యాకులు మాలపల్లెల, మాదిగపల్లెల వారు. అనగా సొంత సెంటు భూమి లేక, పరుల పొలములలో పాలేళ్ళుగను కూలీలుగను బ్రతుకు వెళ్ళబుచ్చినవారు. కావున వారి క్రైస్తవము పుస్తకములతోపాటు కొడవలినిగూడ చేతబట్టుకొనియే నడచినది.

క్లౌ దొర కాలమున ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులకు విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. కడపటి రెండును ఇంటిల్లిపాది మనస్సు దిట్టపరచుకొన్నచో సాగునవియే. మొదటిది మాత్రము భూస్వామి చేతిలోని ముడి. వరి పండి వెన్ను వాల్చినవేళ సముద్రముమీద మబ్బు పట్టెనా, రైతునకు ఆదివారమనియు సోమవారమనియు భేదము తోచదు. తుపాను వచ్చి పైరు పడినచో ఏడాది కష్టము బురదపాలగును. కోతకు రానివానికి కళ్ళములో పని యుండదు; కళ్ళములో పని లేనివానికి ఇంట గింజ యుండదు. ఈ చిక్కును కూలిజనము ఉపదేశముచేత గాక వేళలచేత విప్పుకొనెను. పగలెల్ల పొలమున నుండువారు గనుక దీపాలవేళ ప్రార్థన, రాత్రి బడి, లాంతరు వెలుతురున వాక్యపఠనము గ్రామ సంఘములకు వాడుకయయ్యెను. ఇట్లు దైవకార్యము పగటినుండి రాత్రికి జరుగగా, పురుషునకది విశ్రాంతివేళ. స్త్రీకి మాత్రము వంటవేళ, దంపుడువేళ, పిల్లలను నిద్రపుచ్చువేళయు నదియే. మతము ఆమె దినమునకు మరియొక జామును చేర్చెను.

ఈ భారము మోసిన కోడలి వయస్సెంతయో అప్పటి శాసనములే తెలుపుచున్నవి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము దేశీయ క్రైస్తవులను గూర్చిన ప్రకరణమున వరునకు 16, వధువునకు 13 ఏండ్లు నిండియుండవలెనని నిర్ణయించినది. 1929 నాటి శారదా చట్టము సర్వమతముల బాలికలకును 14 ఏండ్లను కనీస వయస్సుగా విధించెను. నేటి దృష్టికి ఇవి పసితనపు సంఖ్యలేయైనను, ఆ కాలమున వయస్సునకు ఒక హద్దు గీయుటయే విశేషము. కూలిజనులలో పెండ్లిండ్లు సామాన్యముగా గింజలు ఇంట చేరి, పొలము పనులు సన్నగిల్లిన వేసవిలో జరిగెడివి. వేసవిలో మెట్టినింట కాలుపెట్టిన పిల్ల తొలకరినాటికి అత్తగారి కంఠస్వరము నెరుగును. నాట్లకు తోడికోడలి వరుసలో నడుము వంచును. కోతలు వచ్చునప్పటికి, తరచుగా కడుపున తొలిచూలును మోయుచు, తన మొదటి పంటకాలమునకు సిద్ధపడును.

తొలికోడి కూసినతోడనే ఆమె దినము మొదలయ్యెడిది. పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, కడవతో నీటికి పోవలెను. ఊరి మంచినీళ్ళ చెరువునకు నేరుగా దిగు హక్కు పల్లెస్త్రీకి లేనిచోట ఎవరైన ముంచి పోయుదాక గట్టున నిరీక్షింపవలెను. చలిది యన్నములో గంజి కలిపి, ఉల్లిపాయయో పచ్చిమిరపకాయయో నంజుకొని, కొడవలి చెక్కుకొని చేనికి పోవుసరికి వరిమొదళ్ళ మంచు ఆరియుండదు. ఎడమచేత గుప్పెడు దుబ్బు పట్టి, కుడిచేత కోసి, పన వెనుకకు వేయుచు, ఒకే వరుసలో స్త్రీలు సాగుదురు. వెనుకబడిన కొత్తకోడలికి పక్కనున్న పెద్దది తన పట్టులోనుండి రెండు దుబ్బులు కోసిపెట్టి వరుస కలుపుట పల్లెమర్యాద. పనలు ఆరిన పిదప కట్టలు, కట్టలపై కుప్ప, కుప్ప విప్పి పశువులతో తొక్కించు నూర్పిడి, గాలి చూచుకొని తూర్పారబట్టుట. కూలి గింజలలో కొలిచెడివారు. మగకూలికంటె ఆడకూలి తక్కువ. కోసిన చేలలో రాలిన వెన్నులను పిల్లలతో కూడి పరిగె ఏరి కొంగున కట్టుకొని వచ్చుట ఆమె స్వంతసంపాదన. కోతపండుగనాడు పాస్టరుగారు రూతు వృత్తాంతమును ప్రసంగించునపుడు, బేత్లెహేము చేనిలో ఆ విధవరాలు ఏరిన పరిగె ఎట్టిదో వీపు నొప్పితో తెలిసినవారు బల్లలమీదగాక నేలమీద చాపలపై కూర్చున్న ఈ స్త్రీలే.

చీకటిపడి ఇంటికి చేరినను ఆ దినపు కూలిగింజ అన్నము కాదు. అది ఇంకను వడ్లు. బియ్యపు మిల్లులు పల్లెలకు సులభము కాకమునుపు దానిని రోటబోసి దంచి, చెరిగి, తవుడు వేరుచేసి, పొయ్యి రాజవేయవలసినది ఆమెయే. ఈ ఘట్టముననే, ఎసరు మరుగుచుండగా, చేటలో కొలుచుకొన్న బియ్యమునుండి ఒక పిడికెడు తీసి గోడవారనున్న చిన్నముంతలో వేయుట క్రైస్తవ గృహముల ఆచారము. దీనినే ‘పిడికెడు బియ్యము’ అందురు. ఆదివారమున ఆ ముంత గుడికి పోవును. అచట కూడిన బియ్యమును అమ్మి, ఆ రొక్కమును సంఘపు పద్దున జమకట్టుదురు. ఈ ఆచారమున నున్న నేర్పును గమనింపవలెను. మగని కూలి అత్తమామల అధీనము. రొక్కము చూచుటయే అరుదు. ఆమె సర్వస్వతంత్రముగా ఇయ్యగలది వండువేళ తన పిడికిట నున్నదొక్కటే. రెండుపూటల వంట గల ఇంట వారమునకు 14 పిడికిళ్ళు, ఒక్కపూట వంట గల ఇంట 7. కోతలు సాగిన నెలలలో ముంత నిండును. శ్రావణ భాద్రపదములలో, గాదె అడుగంటినప్పుడు, ముంతయు అడుగంటును. గ్రామ సంఘముల దీపపునూనె, గుడిమీది తాటాకు, ఉపదేశికి ముట్టవలసిన భత్యము ఈ ముంతల హెచ్చుతగ్గులను అనుసరించియే నడచినవి.

కోతలు ముగింపునకు రాగా కోతపండుగనాడు ప్రథమఫలముల అర్పణము జరుగును. తొలిపనల వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, పెట్టలు, గ్రుడ్లు గుడిలో పెట్టి, ఆరాధనానంతరము ఆవరణమున వేలము వేయుదురు. తాను పెంచిన పెట్టను తన మగడే పోటీపడి పాడుకొని తిరిగి యింటికి తెచ్చుట చూచి నవ్వని కోడలు లేదు. క్రిస్మసు ముంచుకొని వచ్చుచుండగా పని రెట్టింపగును. గోడలకు సున్నము, అరుగులకు అలుకు, వెదురుబద్దలకు రంగుకాగితము అంటించిన నక్షత్రము. రాత్రి పొద్దుపోయినదాక రోకటిపోటు. కొత్తబియ్యము నానబోసి, తడి ఆరకముందే దంచి, జల్లించి, బెల్లపు పాకము ముదురు తగిలినతోడనే పిండి కలిపి, చలిమిడి చేసి అరిసెలు వత్తవలెను. పాకమొక్క క్షణము మించినచో అరిసె రాయివలె అగును, తగ్గినచో నూనెలో విచ్చిపోవును. పగలు కోసిన నడుముతోనే రాత్రి అరిసెల చెక్కలమీద వంగి నూనె యొత్తవలెను. పెట్రోమాక్సు దీపముతో యువకులు ఇల్లిల్లు తిరిగి పాడునపుడు, పురుషోత్తమ చౌదరి వంటి పూర్వ కవులు కట్టిన కీర్తనలకు పొయ్యికడనుండియే గొంతు కలుపుదురు. 1803లో జన్మించి 1890లో కాలముచేసిన ఆ కవి రచనలు చదువురాని స్త్రీలకుగూడ కంఠస్థములైనవనిన, దానికి తరగతిగదికంటె ఈ పొయ్యిగడ్డయు, నాట్లవరుసయు ఎక్కువ తోడ్పడినవి.

కోతలలో ప్రసవించుట ఆ కాలపు మహాభయము. తొలిచూలుకు పుట్టింటికి పోవు వాడుక యున్నను, మంత్రసానియే ఇరువైపుల గతి. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు, 1898లో అచట స్త్రీలకును శిశువులకును మిషను ఆసుపత్రిని తెరచెను. అయినను రేపల్లె శివారునుండి గుంటూరు చేరుట, బండియు కాలువపడవయు ఆధారములుగా నున్నంతకాలము, నొప్పులు పడుదానికి అసాధ్యము. 1916లో గుంటూరు రేపల్లెల నడుమ తెనాలిమీదుగా రైలుమార్గము పడిన పిదపనే, ఆసుపత్రి యనునది ఈ ప్రాంతపు స్త్రీకి వినికిడినుండి గమ్యస్థానముగా మారెను. రైలు వరిబస్తాలను తీసికొనిపోవుటకు వచ్చినదనుట నిజమే. కాని తల్లుల ప్రాణములనుగూడ అదే బండి మోసినది.

ఈ పంటకాలపు క్రమము 1977 నవంబరు 19వ తేదీన దారుణముగా భంగపడెను. పంట కోతకు వచ్చియుండగా తుపానును, దానితోకూడ ఉప్పెనయు దివిసీమమీద విరుచుకొనిపడి వేలకొలది ప్రాణములను బలిగొన్నవి. నదికి ఈవలి రేపల్లె తాలూకాయు నష్టమునకు లోనయ్యెను. అటుపిమ్మట ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రములు, నేడు కోతయంత్రములు వచ్చి స్త్రీల కొడవలికూలిని హరించెను. ఉప్పునీటి చెరువులలో రొయ్యల పెంపకము కొన్ని వరిచేలను మింగెను. కోతపండుగ మాత్రము నిలిచియున్నది. వేలమునకు కంకులకు బదులు సంచి బియ్యము వచ్చును.

ఈ గృహిణిని చరిత్రలో వెదకుట సులభము గాదు. మిషనరీల చరిత్రలలో సామాన్యముగా మిషనరీలే కనబడుదురు. ప్రభుత్వపు కాగితములలో వెదకుదమన్న, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును క్రైస్తవులకు లేకుండ చేసినందున, బాప్తిస్మపు పేరొకటి, కచేరీ కాగితములోని పేరొకటిగా పలువురు జీవింపవలసివచ్చెను. మిగిలినది గ్రామ సంఘపు జమాఖర్చు పుస్తకము. అందులో పిడికెడు బియ్యము పద్దును ఏడాదిపొడవున చదివినవానికి ఏ నెల కోతలో, ఏ నెల పస్తులో, ఏ ఏట నీరు రాలేదో, ఏ ఏట పైరు పడిపోయెనో తెలియవచ్చును. ఆ అంకెల వెనుక నున్న చేయి కోడలిదే. డెల్టా క్రైస్తవ చరిత్ర వ్రాయబూనువారు దొరల జీవితచరిత్రలకంటె ముందుగా ఆ పద్దు విప్పవలెను. ఆ సంఘములను నిలిపినది విరాళపు డాలర్లెంతయో, ఈ పిడికిళ్ళును అంతయే యని అప్పుడు లెక్క తేలును.