వేటపాలెము సారస్వత నికేతనము: గ్రంథాలయ పోషణమున వర్తకుల ధర్మము

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ చరిత్రమును వ్రాయబూనినవారు బెజవాడతో నారంభించుట పరిపాటి. అది న్యాయమే. 1914 సంవత్సరము ఏప్రిల్ 10 వ తేదీన అచ్చట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణభూతులై జీవితమంతయు ఆ పనికే ధారపోసిరి. అంతకు పూర్వమే 1886 లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు, 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపకులు ఈ మార్గమును చూపియుండిరి. కాని యివి పట్టణముల కథలు. పత్తియు మిరపయు పండు మన నల్లరేగడి సీమకును, దాని సముద్రపుటంచున మగ్గముల చప్పుడుతో మేల్కొను పల్లెలకును వేఱొక కథ కలదు. ఆ కథకు నడిబొడ్డు వేటపాలెము.

చీరాలకు చేరువను, చెన్నపట్టణము పోవు రైలుమార్గముపై నున్న యీ గ్రామము నేతపనివారికిని చిల్లర వర్తకులకును నిలయము. నాడది గుంటూరు మండలములోనిది. 1970 లో ఒంగోలు ముఖ్యపట్టణముగా నూతన మండలమేర్పడగా అందు చేరినది. ఆ మండలమే పిదప ప్రకాశము పేర ప్రసిద్ధమైనది. 2022 లో బాపట్ల మండలమున కలిసినది. ఊరు కదలలేదు గాని మండలము రెండుమాఱులు మాఱినది. అచ్చటి సారస్వత నికేతనము మాత్రము ఏ మండలము వారి కార్యాలయమునకును అనుబంధము గాక, ప్రజల సొత్తుగా నూఱేండ్లు దాటి నిలిచియున్నది.

దాని జన్మకాలమును తలచినచో ఆశ్చర్యము కలుగక మానదు. 1918 అక్టోబరు 15 వ తేదీన ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు (వి. వి. శ్రేష్ఠిగారని లోకప్రసిద్ధి) దీనిని నెలకొల్పిరి. ఆ యేడు వానలు తప్పినవి. ఐరోపా మహాసంగ్రామము ముగియుట కింకను నెలదినములు మిగిలియుండెను. ధాన్యము, వస్త్రము మండుచున్న ధరలకు అమ్ముడుపోవుచుండెను. ఆ నెలలోనే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము చెన్నరాజధానిని ముంచెత్తి ఇంటింట శవములను లేపినది. అట్టి దినములలో ఒక పల్లెటూరివారు పుస్తకములు కూర్చి గ్రంథాలయము పెట్టవలెనని తలచుట సామాన్యమా! కఱవునాడు గ్రంథాలయమేల యని నేడు సభలలో ప్రశ్నించువారు ఈ తేదీని జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

శ్రేష్ఠిగారి పేరు వినినంత మన సంఘీయులు గర్వించుట సహజము. కాని ఆయన తాను కట్టిన మందిరమునకు తన పేరుగాని, తన కులము పేరుగాని పెట్టలేదు. సరస్వతి పేరు పెట్టెను. మన సంఘ సంచికలలో దాతల నామావళి అచ్చొత్తించుటకు చూపు శ్రద్ధను చూచినప్పుడెల్ల నాకీ విషయము తోచుచుండును.

ఆ ప్రాంతపు నాటి గాలియు ఎట్టిదో తెలిసికొనవలెను. 1913 లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. 1921 లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పురపాలక సంఘపు పన్నులు మోయలేమని, ఇండ్లు వాకిళ్లు విడిచి రామనగరమని పాకలు వేసికొని సుమారు పదునొకండు నెలలు ఎండవానలకోర్చిరి. పన్ను చెల్లింపకుండుటకు ఊరినే విడిచిన యా సీమయందే, పొరుగున, ఎవ్వరును విధింపని చందాలతో గ్రంథాలయమొకటి పెరుగుచుండెను. విధించిన రూపాయి వేఱు, మనసొప్పి యిచ్చిన రూపాయి వేఱు. 1929 లో మహాత్మా గాంధీగారు ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున సంచరించిన సంవత్సరముననే ఈ గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపనము చేసిరి. ఆయన చేతికఱ్ఱ నేటికిని అచ్చట భద్రపఱుపబడియున్నది. చూడవచ్చువారు ముందుగా దానినే యడుగుదురట. అడుగుట తప్పుగాదు, కాని ఆ యింటిలోని నిజమైన నిధి కఱ్ఱ గాదు, కాగితము.

సుమారు 70,000 గ్రంథములు, వానికి మించి పాత పత్రికల సంపుటములు అందు గలవు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక, 1924 లో వారే యారంభించిన భారతి మొదలుగా ఎన్నియో పత్రికలు అచ్చట వరుసదప్పక కూర్చబడినవి. సామాన్య గ్రంథాలయమున పత్రిక నాటి మధ్యాహ్నమునకే చిత్తుకాగితమగును. ఇచ్చటివారు దానిని బైండు చేయించి దాచిరి. ఈ యొక్క యలవాటే వేటపాలెమును పరిశోధకులకు యాత్రాస్థలముగా చేసినది. దూరదేశముల విద్యార్థులు సైతము, మఱెచ్చటను దొరకని సంచిక కొఱకు ఈ పల్లెకు వచ్చుచున్నారు. నాటి పత్తి ధర యెంత, ఏ యూర ఏ సభ జరిగెను, ఎవరు జైలునకేగిరి యను విషయములు తెలుపునవి ఆ పసుపువన్నె పుటలే. మన సంఘ చరిత్రమును వ్రాయదలచిన వారికైనను వేఱు దారి లేదు.

ఈ మండలముననే మఱియొక యుదాహరణము చెప్పకుండజాలను. 1935 లో పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ యెక్కించిరి. కొల్లూరునకును పెదవడ్లపూడికిని నడుమ కాలువపై ప్రయాణించు జనులు గంటలకొలది ఊరక కూర్చుండుట చూచి, ఆ కాలమును చదువునకు మరలింపవచ్చునని ఆయనకు తోచినది. గుమాస్తాలు, సంతకుపోవు రైతులు, చదువు రానివారికి చదివి వినిపించువారు, అందఱును ఒక్క పడవలోనే. తరువాత బస్సులు వచ్చినవి. కాలువలలో ప్రయాణికుల పడవలు మాయమైనవి. పడవ గ్రంథాలయమును చరిత్రలో కలిసినది. అది ఓటమియని నేననను. చదువరి యెచ్చట కూర్చుండునో అచ్చటికి పుస్తకము పోవలెనని ఆ పడవ నేర్పిన పాఠము చేతిఫోనుల యీ దినములలో మఱింత యక్కఱకు వచ్చునది.

మఱి పోషణము మాట. 1948 లో మద్రాసు ప్రభుత్వము స్వతంత్ర భారతదేశమున మొట్టమొదట గ్రంథాలయ శాసనమును చేసెను. ఆ శాసనమునకు వెనుక రంగనాథన్‌గారి కృషి కలదు. ఇంటిపన్ను రూపాయికి ఆఱు పైల చొప్పున, అనగా ఆనాటి లెక్కలో నూటికి మూడు రూపాయలకు కొంచెము మించి, గ్రంథాలయ పన్ను విధించిరి. 1960 లో ఆంధ్రప్రదేశ్ శాసనము దాని స్థానమున వచ్చినది. నేడు రూపాయికి ఎనిమిది నయాపైసలు. దీనివలన జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖలు వెలసినవి, మేలు కలిగినది. కాని పురపాలకులు, పంచాయతీలు వసూలు చేసిన యీ సొమ్మును సంస్థలకు సకాలమున జమకట్టరను ఫిర్యాదు తఱచు వినబడుచునే యున్నది. వేటపాలెము వంటి ప్రైవేటు గ్రంథాలయమునకు ఈ పన్ను స్వహక్కుగా లభించునది గాదు. ప్రజలు మాత్రము, పన్ను కట్టుచున్నాము గదా, ఇక చందా యేల యనుకొనిరి. ఉద్యమము గెలిచిన చోటనే దాత చేయి ముడుచుకొనెను.

అమెరికా ధనికుడగు ఆండ్రూ కార్నెగీ రెండువేల యయిదు వందలకు పైగా గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. కాని ఊరక యీయలేదు. తానిచ్చిన సొమ్ములో పదియవ వంతు ఏటేట పోషణమునకు వెచ్చింతుమని ఊరివారు మాటయిచ్చిన పిదపనే యిచ్చువాడు. ఆయన వ్యాపారి; గోడలు ఒకసారి లేచును, జీతములు ప్రతినెలయు పుట్టవలెనని యెఱిగినవాడు. మనమో, శిలాఫలకముపై పేరు కనబడు దానములకు ముందుకు వత్తుము. కల్యాణమండపమునకు లక్షలు వచ్చును. గ్రంథాలయాధికారి జీతమునకు, బైండు దారమునకు, చెదమందునకు ఎవ్వరును రారు.

మన వర్తకులకు ఒక పూర్వాచారము కలదు. బస్తాకింత, బోరెమునకింత యని ధర్మాదాయము తీసి ఆలయములకు, సత్రములకు, పాఠశాలలకు వినియోగించెడివారు. కొనువానికి బరువు గాదు, అమ్మువానికి బరువు గాదు. ఏటికేడు ధార తెగదు. గ్రంథాలయమునకు సరిపడు దానము ఇదియే. గుంటూరు మిరపయార్డు వ్యాపారులకు నేను క్రొత్తగా నేర్పవలసినదేమి? టిక్కీలలోని కాయ రంగు చెడకుండుటకు వారు ఊరిచుట్టును కోల్డుస్టోరేజీలు కట్టించి, నెలనెల అద్దె చెల్లించి, సరకును కాపాడుచున్నారు. పత్రికల కాగితము మిరపకాయకన్న సుకుమారమైనది. కొయ్యగుజ్జుతో చేసిన యా కాగితములో పులుపు కలదు. అది తనకు తానే కాలి గోధుమవన్నెకు మాఱి, మడత పెట్టినచో పెళుసై విఱుగును. సముద్రపు తేమగాలి దానికి తోడు. ఇక చెదపురుగు సంగతి చెప్పనక్కఱలేదు.

ఛాయాప్రతులు తీసి కంప్యూటరులలో నిక్షేపించు పని కొంత జరిగినది. ప్రెస్ అకాడమీవారు పాత తెలుగు పత్రికలను అట్లు లోకమునకందించుట మెచ్చదగినది. కాని ప్రతి తీసినంత మాత్రమున మూలమును పాఱవేయరాదు. మసకగా వచ్చిన పుటను మరల చూచుటకు మూలమే శరణ్యము.

గ్రంథాలయమునకు నేడు రెండు ముఖములు కలవు. ఉదయమున పత్రిక చదువు వృద్ధులు, పోటీపరీక్షలకై దినమంతయు కూర్చుండు యువకులు ఒకవైపు. పాత సంపుటములకై వచ్చు పరిశోధకులు వేఱొకవైపు. మొదటి పనిని శాఖాగ్రంథాలయములైనను చేయగలవు, రెండవది వేటపాలెమే చేయవలెనని కొందఱి వాదము. నాకది సగము సమ్మతము. పరిశోధకుడు నాలుగు దినములుండి పోవును. ఊరి బాలుడు నలువదేండ్లు ఊరిలోనుండి రేపటి దాతయగును. వాని బల్ల తీసివేసి బీరువాలు నింపిన గ్రంథాలయమును వాడెందుకు కాపాడును?

కావున మన సంఘము చేయదలచినచో ముందుగా క్రొత్త భవనము తలపెట్టవలదు. పత్రికలకు పూర్తి పట్టిక సిద్ధపఱచి, ఇతరత్ర లభింపని సంపుటములేవో తేల్చి, వానికి మొదట ప్రతులు తీయించుట. తేమను అదుపులోనుంచు గది యొకటి, చదువరులకు దీపము, గాలి గల గది యొకటి ఏర్పఱచుట. పని నేర్చిన ఇరువురికి నెలజీతము స్థిరపఱచుట. ఇరువురి జీతమునకు చాలు మూలధనమును బ్యాంకులో వేసి వడ్డీ మాత్రమే వాడుకొనునట్లు కట్టడి చేయవలెను. ఆ ధనము ఎంత యగునో లెక్కకట్టుట మన వర్తకులకు ఒక్క సాయంకాలపు పని.