గ్యాస్ బిళ్ళ ఒకటి రాయండి

రాత్రి ఏడున్నర. నరసరావుపేటలో మీ క్లినిక్. బయట బెంచీలు నిండి ఉన్నాయి, దగ్గులు, పిల్లల ఏడుపులు లోపలికి వినపడుతున్నాయి. మీ ఎదురు కుర్చీలో ఒక బియ్యం వ్యాపారి, వెనక ఆయన కొడుకు. వయసు 49. చొక్కా జేబులో సిగరెట్ పెట్టె. ల్యాబ్ కాగితం మీ చేతికిచ్చి, మీరు చదివేలోపే ఆయనే తేల్చేస్తాడు.

“ఎల్డీఎల్ నార్మలేనండీ. 128 వచ్చింది. 130 లోపు ఉండాలని పక్కనే వేశాడు చూడండి.”

మీరు చూస్తారు. మొత్తం కొలెస్ట్రాల్ 204. హెచ్‌డీఎల్ 34. ట్రైగ్లిజరైడ్లు 210. ల్యాబువాళ్ళు 204లోంచి 34 తీసేసి, 210ని ఐదుతో భాగించగా వచ్చిన 42 కూడా తీసేశారు. మిగిలింది 128. లెక్క సరిగ్గానే ఉంది. కానీ పక్కన అచ్చేసిన ఆ 130 ఊరందరికీ కలిపి వేసిన అంకె. ఈయనకు ఆరేళ్ళుగా షుగరుంది. మూడు నెలల సగటు 7.8. తండ్రి 54వ ఏట గుండెపోటుతో పోయాడు. షుగరున్న మనిషికి ఎల్డీఎల్ 70 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మన ఉపఖండం వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఐదేళ్ళకు పైగా ముందే వస్తోందని తేలింది.

పెన్ను తీస్తారు. అటార్వాస్టాటిన్...

“కొలెస్ట్రాల్ బిళ్ళా? వద్దండీ. ఒకసారి మొదలెడితే చచ్చేదాకా మింగాలంట. లివర్ పోతుందని వాట్సాప్‌లో వచ్చింది. నెయ్యి మానేస్తాను, పొద్దున్నే నడుస్తాను. మూడు నెలలు చూద్దాం.”

బయట ఎవరో తలుపు కొద్దిగా తోసి లోపలికి చూస్తారు. “సరే, మీ ఇష్టం” అనేస్తే ఈ కేసు అర నిమిషంలో అయిపోతుంది. రోజూ ఎన్నో క్లినిక్కుల్లో అవుతోంది కూడా. లేదంటే వాదించకుండా రాసిచ్చేయొచ్చు. ఆ చీటీ మందుల షాపుదాకా వెళ్ళదు, సంచిలో మడతపడి ఉండిపోతుంది. ఇక మిగిలింది, కుర్చీ ముందుకు జరుపుకుని మాట్లాడటం.

మీరు జరుపుకుంటారు.

“నడవండి, నెయ్యి తగ్గించండి. అంతకంటే ముందు ఆ జేబులోది పారేయండి. కానీ ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండిలోంచి వచ్చేది కాదండీ, ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఈ బిళ్ళ లివర్లో ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు లివర్ తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుంది. రక్తంలో ఎల్డీఎల్ పడిపోతుంది. లివర్‌కు నిజంగా హాని జరగడం చాలా అరుదు. ఎందుకైనా మంచిది, ముందొకసారి రక్తపరీక్ష చేయిద్దాం.”

ఆయన ముఖంలో మార్పు లేదు.

“మీ సరుకులోనే దొరికిందండీ ఈ మందు. 1973లో అకిరా ఎండో అని జపాను శాస్త్రవేత్త, ఆరు వేలకు పైగా బూజులూ శిలీంద్రాలూ వెతికి, క్యోటోలో ఒక ధాన్యం కొట్టు బియ్యం మీది బూజులో ఈ జాతి మందుల్లో మొదటిది పట్టుకున్నాడు.”

“బియ్యం బూజులోనా?” మొదటిసారి నవ్వుతాడు. కుర్చీలో సర్దుకుంటాడు. “సరే రాయండి, చూద్దాం.”

రాస్తారు. ఆయన లేచి కొడుకుని ముందుకు పంపి, తలుపు మీద చెయ్యి వేసి ఆగుతాడు.

“అన్నట్టు డాక్టరు గారూ, గ్యాస్ బిళ్ళ కూడా ఒకటి రాయండి. నాలుగు రోజుల్నించి పట్టేస్తోంది.”

“ఎక్కడ?”

వేలితో చూపించడు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెడతాడు.

మీ పెన్ను ఆగిపోతుంది.

“ఎప్పుడొస్తుంది?”

“పాతిక కేజీల బస్తా ఎత్తితే వచ్చేది. ఇవాళ పొద్దున గల్లా దగ్గర కూర్చునుంటేనే వచ్చింది. చెమటలు పట్టాయి. పది నిమిషాలకు పోయింది. ఇప్పుడేం లేదండీ, బాగానే ఉన్నాను.”

“కూర్చోండి. చొక్కా విప్పండి.”

ఈసీజీ కాగితం మెల్లగా బయటికొస్తుంది. మొదటి వరసలు బాగానే ఉన్నాయి. వీ2. వీ3. పైకి ఉండాల్సిన టీ తరంగాలు లోతుగా తలకిందులై ఉన్నాయి. నొప్పి లేని వేళ ఇలా కనబడిందంటే, గుండె ముందు గోడకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం దాదాపు మూసుకొచ్చిందని అనుమానించాలి.

“పక్క ల్యాబులో టీఎంటీ చేస్తారంట సార్. పొద్దున్నే తీసుకెళ్తాను” అంటాడు కొడుకు.

“వద్దు. ఈ స్థితిలో ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే దాని మీదే కూలిపోవచ్చు.”

“పోనీ బండి మీద ఇంటికి...”

“అడుగు కూడా వేయకూడదు. 108కి ఫోన్ చెయ్యి.”

మీరు సొరుగు లాగుతారు. ఆస్పిరిన్ 325. “నమిలి మింగండి.” క్లోపిడోగ్రెల్ 75, నాలుగు బిళ్ళలు. అటార్వాస్టాటిన్ 40, రెండు.

కొడుకు ఆ పేరు గుర్తుపడతాడు. “ఇది కొలెస్ట్రాల్ బిళ్ళే కదండీ? ఇప్పుడెందుకు?”

ఇందాక రాసింది ముందుజాగ్రత్తకి. ఇప్పుడిస్తున్నది చికిత్సలో భాగం. నాళం గోడలో పేరుకున్న కొవ్వు మీద పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. పెద్ద మోతాదులో ఈ మందు తొందరగా మొదలుపెడితే ఆ కొవ్వు కుదురుకుంటుంది, మళ్ళీ చిట్లే ప్రమాదం తగ్గుతుంది. ఇదంతా చెప్పబోతారు.

“డాక్టరు గారూ...”

ఆయన ముఖం పాలిపోయింది. నుదుటి నిండా చెమట. పిడికిలి మళ్ళీ రొమ్ము మీదికొచ్చింది.

మళ్ళీ ఈసీజీ. వీ2లో టీ తరంగం నిటారుగా లేచింది. అది బాగుపడటం కాదు. ఎస్టీ పైకెక్కుతోంది. వీ3. వీ4. నాళం మూసుకుపోతోంది.

గుంటూరా? ఏరియా ఆసుపత్రా?

గుంటూరులో క్యాథ్ ల్యాబ్ ఉంది. దారి గంట. అక్కడ నాళం తెరిచేసరికి ఇంకో గంట దాటుతుంది. ఏరియా ఆసుపత్రి పది నిమిషాలు.

ఫోన్ చేస్తారు. “టెనెక్టెప్లేస్ ఉందా?”

“ఉంది.”

“పంపిస్తున్నాను. ముందు గోడ. ఐదు నిమిషాలైంది.”

సైరన్. స్ట్రెచర్. ఆక్సిజన్ చూస్తారు. నాడి పట్టుకుంటారు. ఉంది. తప్పుతోంది. ఉంది. మీరూ ఎక్కుతారు. తలుపు పడుతుంది. ఇచ్చిన మందులు, వేళలు చీటీ మీద రాస్తారు. చెయ్యి వణుకుతోంది. రాస్తారు.

ఇంజెక్షన్ పడుతుంది. గడ్డ కరుగుతుంది. మర్నాడు గుంటూరులో స్టెంటు వేస్తారు.

ఆరు వారాల తర్వాత అదే కుర్చీలో ఆయన. చొక్కా జేబు ఖాళీ. ఎల్డీఎల్ 66.

“సగానికి దిగింది కదండీ. ఇక బిళ్ళ తగ్గిద్దామా? పిక్కలు పీకుతున్నాయి.”

కొట్టిపారేయకండి. పిక్కలు నొక్కి చూడండి. మూత్రం నల్లగా వస్తోందా అడగండి. థైరాయిడ్, సీపీకే రాయండి. ఈ బిళ్ళతో నిజంగా కండరాలు దెబ్బతినేవాళ్ళు ఉంటారు, కొద్దిమందే అయినా. ఆ రెండూ బాగుంటే ఇంకో మాట చెప్పాలి. పడటం లేదని స్టాటిన్ మానేసిన 60 మంది మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ళ, కొన్ని నెలలు ఏమీ లేదు. అసలు మందుతో వచ్చిన బాధల్లో తొంభై శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ వచ్చాయి. ఆయన నొప్పి అబద్ధమని కాదు, మందుకి భయపడినా నొప్పి వస్తుందని. ఈ తేడా ఆప్యాయంగా చెప్పగలిగితేనే మనిషి మందు మానడు. మానకపోతే ఏమిటి లాభం? స్కాండినేవియాలో 4,444 మంది గుండె జబ్బువాళ్ళ మీద చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్ళకు పైగా చూస్తే, స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి.

“తగ్గించడం లేదండీ. గుండెపోటు వచ్చిన మనిషికి 55 లోపు ఉండాలి. ఇప్పుడున్న బిళ్ళ 80 మీద పెంచడానికి లేదు, అందుకని ఇంకో చిన్న బిళ్ళ కలుపుతున్నాను.” ఎజెటిమైబ్ 10 రాస్తారు. పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా ఆపుతుంది. “వేరే డాక్టరు ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తే ఈ చీటీ చూపించండి. కొన్నిటికి అటార్వాస్టాటిన్‌తో పడదు.”

ఆయన చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటాడు. మీరు వెనక నిలబడ్డ కొడుకు వైపు తిరుగుతారు.

“నీకెన్నేళ్ళు బాబూ?”

“ఇరవై ఏడండీ.”

“ఈ వారంలోనే లిపిడ్ ప్రొఫైల్, షుగరు చేయించు. లిపిడ్‌కు పరగడుపున ఉండక్కర్లేదు, షుగరు కోసం మాత్రం పొద్దున ఏమీ తినకుండా వెళ్ళు. లైపోప్రోటీన్-ఎ కూడా అడుగు, అది జన్మలో ఒక్కసారి చేయిస్తే చాలు. కాగితం రాగానే పక్కనున్న అంకెలు చూసి నువ్వే తేల్చుకోకు. నా దగ్గరికి పట్టుకురా.”